మీ బెంచి మీదే ఇంటర్వ్యూ ప్రిపరేషన్‌!

సొంతంగా కట్టిన పవర్‌ సప్లై.. హార్డ్‌వేర్‌ కొలువుకు తొలి మెట్టు

‘ఫైనలియర్‌ ప్రాజెక్టు ఏం చేశారు?’ అనే ప్రశ్న దాకా ఇంటర్వ్యూ సాఫీగానే సాగుతుంది. ‘అందులో ఈ కెపాసిటర్‌ 4700 మైక్రోఫారడ్లే ఎందుకు పెట్టారు? 1000 పెడితే ఏమవుతుంది?’ అన్న దగ్గర చాలామంది తడబడతారు. రెడీమేడ్‌గా కొనుక్కున్న ప్రాజెక్టయితే జవాబు దొరకదు. చేత్తో కట్టి, కొలిచి చూసిన వస్తువైతే జవాబు నోట్లోనే ఉంటుంది. ఈసీఈ, ట్రిపుల్‌ఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్‌, డిప్లొమా విద్యార్థులు అలా కట్టుకోదగ్గ మొదటి వస్తువు బెంచ్‌ పవర్‌ సప్లై. కావలసినంత వోల్టేజీ తిప్పుకొని వాడుకునే చిన్న పెట్టె ఇది. తర్వాత మీరు చేసే ప్రతి ప్రాజెక్టుకూ కరెంటు ఇచ్చేది ఇదే.

కండ్లకోయ నుంచి మేడ్చల్‌ దాకా జాతీయ రహదారి వెంట, అటు శామీర్‌పేట వైపు రాజీవ్‌ రహదారి వెంట కాలేజీలూ హాస్టళ్లూ చాలానే ఉన్నాయి. చదివే చోటుకు దగ్గర్లోనే ఎలక్ట్రానిక్స్‌ పరిశ్రమలూ ఉన్నాయి. మధ్యలో లోటల్లా చేతి పనిదే. ల్యాబ్‌లో బెంచికి నలుగురైదుగురు ఉంటే ఒకరు వైర్లు పెడతారు, మిగతావాళ్లు రీడింగులు రాసుకుంటారు. ఆ నలుగురిలో మీరూ ఒకరైతే ఈ కథనం మీ కోసమే.

ఎందుకీ పెట్టె?

బ్రెడ్‌బోర్డు మీద 9 వోల్టుల బ్యాటరీ పెట్టి పని కానిచ్చేవాళ్లు ఎక్కువ. ఆ చిన్న బ్యాటరీ నుంచి ఓ మోటారుకో, వైఫై మాడ్యూల్‌కో కరెంటు లాగితే వోల్టేజీ దబ్బున పడిపోతుంది. మైక్రోకంట్రోలర్‌ దానంతటదే రీసెట్‌ అవుతుంది. మీరేమో కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చుంటారు. ఫోన్‌ చార్జర్‌ వాడితే 5 వోల్టులు తప్ప మరొకటి రాదు. 3.3 వోల్టుల సెన్సర్‌, 12 వోల్టుల రిలే ఒకే రోజు పరీక్షించాలంటే బెంచ్‌ సప్లై ఉండాల్సిందే.

ఇంకో లాభం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌, రెక్టిఫైయర్‌, ఫిల్టర్‌, రెగ్యులేటర్‌, ఫీడ్‌బ్యాక్‌, వేడి, రక్షణ.. మూడు సెమిస్టర్ల సిలబస్‌ ఈ ఒక్క పెట్టెలో కలుస్తుంది. కోర్‌ కంపెనీల టెక్నికల్‌ రౌండ్లలో తరచూ వచ్చే ప్రాథమిక ప్రశ్నలూ వీటి చుట్టూనే తిరుగుతాయి.

ముందు దారి ఎంచుకోండి

ఇంట్లో కట్టుకునే సప్లైకి ప్రధానంగా మూడు దారులున్నాయి. మీ అనుభవాన్ని, అందుబాటులో ఉన్న చోటును బట్టి ఎంచుకోండి.

మొదటిది: పాత ల్యాప్‌టాప్‌ అడాప్టర్‌ + బక్‌ మాడ్యూల్‌. 19 వోల్టుల అడాప్టర్‌ అవుట్‌పుట్‌ను వోల్టేజీ, కరెంటు రెండూ సర్దుకునే వీలున్న బక్‌ మాడ్యూల్‌కు కలపడమే. 230 వోల్టుల పని అంతా అడాప్టర్‌ మూత లోపలే ఉంటుంది కాబట్టి మీరు ముట్టుకోవాల్సిన అవసరం లేదు. హాస్టల్‌ గదిలో చేసుకోవడానికి ఇదే సురక్షితం. కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టండి.

రెండోది: పాత కంప్యూటర్‌ ఎస్‌ఎంపీఎస్‌. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఆన్‌ అవుతుంది. 3.3, 5, 12 వోల్టులు వస్తాయి. చవకే కానీ ఒక చిక్కుంది. 12 వోల్టుల లైను పదేసి ఆంపియర్లు ఇవ్వగలదు. మీ సర్క్యూట్‌లో షార్ట్‌ అయితే అది ఆగకుండా ఇస్తూనే ఉండొచ్చు. సన్న వైర్లు కాలిపోతాయి. కాబట్టి ప్రతి అవుట్‌పుట్‌కూ ఫ్యూజు పెట్టాలి. పెట్టె మూత తీయడం మాత్రం వద్దు. ప్లగ్‌ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది.

మూడోది: ట్రాన్స్‌ఫార్మర్‌తో లీనియర్‌ సప్లై. బరువు ఎక్కువ, వేడి ఎక్కువ. కానీ అవుట్‌పుట్‌ చాలా శుభ్రంగా ఉంటుంది. ఆడియో, సెన్సర్‌ సర్క్యూట్లకు నప్పుతుంది. నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. అయితే ఇందులో 230 వోల్టుల వైరింగ్‌ మీరే చేయాలి. అందుకే దీన్ని కాలేజీ ల్యాబ్‌లో, ల్యాబ్‌ ఇన్‌చార్జి సార్‌ పక్కన ఉండగానే కట్టండి. మిగతా కథనంలో ప్రధానంగా దీని గురించే మాట్లాడుకుందాం.

గుండెకాయ.. ఎల్‌ఎం317

మూడు కాళ్ల చిన్న చిప్‌ ఇది. నేషనల్‌ సెమీకండక్టర్‌ సంస్థలో 1970ల్లో రాబర్ట్‌ డాబ్కిన్‌ రూపొందించారు. ఇప్పటికీ మార్కెట్లో దొరుకుతోంది, ఇప్పటికీ పాఠాల్లో ఉంది. ఆయనే 1981లో మరొకరితో కలిసి లీనియర్‌ టెక్నాలజీ కంపెనీ పెట్టారు. మీరు ఉచితంగా వాడుకునే ఎల్‌టీస్పైస్‌ సిమ్యులేటర్‌ పుట్టింది ఆ కంపెనీలోనే. కాబట్టి కట్టే ముందు సర్క్యూట్‌ను ఎల్‌టీస్పైస్‌లో నడిపి చూడండి.

చిప్‌ చేసే పని ఒక్కటే. అవుట్‌పుట్‌ కాలికీ, అడ్జస్ట్‌ కాలికీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. ఆ రెండింటి మధ్య ఆర్‌1, అడ్జస్ట్‌ నుంచి గ్రౌండ్‌కు ఆర్‌2 పెడితే అవుట్‌పుట్‌ = 1.25 × (1 + ఆర్‌2/ఆర్‌1). అడ్జస్ట్‌ కాలి నుంచి వచ్చే 50 మైక్రోఆంపియర్ల కరెంటు వల్ల ఇంకాస్త కలుస్తుంది కానీ అది చాలా తక్కువ.

చాలా సర్క్యూట్లలో ఆర్‌1 విలువ 240 ఓమ్‌లని కనిపిస్తుంది. అప్పుడు దానిగుండా వెళ్లే కరెంటు దాదాపు 5.2 మిల్లీ ఆంపియర్లు. డేటాషీట్‌ తెరిచి చూడండి. ఎల్‌ఎం317 అదుపులో ఉండటానికి గరిష్ఠంగా 10 మిల్లీ ఆంపియర్ల కనీస లోడ్‌ అవసరం కావచ్చని ఉంటుంది. అంటే కొన్ని చిప్‌లు లోడ్‌ ఏమీ లేనప్పుడు వోల్టేజీని పైకి జరపొచ్చు. ఆర్‌1ను 120 ఓమ్‌లు చేస్తే 10.4 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి, చిక్కు తీరుతుంది. ‘అందరూ 240 పెడితే మీరు 120 ఎందుకు పెట్టారు?’ అని అడిగితే మీ దగ్గర జవాబు సిద్ధం.

ఇప్పుడు 1 కిలో ఓమ్‌ పొటెన్షియోమీటర్‌ పెడితే పైకి 11.7 వోల్టుల దగ్గర ఆగుతుంది. 12 కావాలంటే సిరీస్‌లో మరో 47 ఓమ్‌లు కలపండి. 12.2 దాకా వెళ్తుంది. కానీ కింద 1.25 బదులు 1.7 దగ్గరే ఆగిపోతుంది. ఒకటి కావాలంటే మరోటి వదులుకోవాలి. డిజైన్‌ అంటే ఇలాంటి నిర్ణయాలే.

లెక్క తేలితేనే సామాను

12 వోల్టులు, 1 ఆంపియర్‌ కావాలనుకుందాం. ఎంత ట్రాన్స్‌ఫార్మర్‌ కొనాలి? ‘12 వోల్టులది’ అని చెప్పేయకండి. లెక్క కట్టండి.

15 వోల్టుల సెకండరీ తీసుకుంటే పీక్‌ విలువ 15 × 1.414 = 21.2 వోల్టులు. బ్రిడ్జ్‌లో ఒకేసారి రెండు డయోడ్లు పనిచేస్తాయి, అవి సుమారు 1.8 వోల్టులు తినేస్తాయి. మిగిలింది 19.4. మన దగ్గర సప్లై 50 హెర్ట్జ్‌, బ్రిడ్జ్‌ తర్వాత అది 100 హెర్ట్జ్‌ అవుతుంది. రిపుల్‌కు సులువైన సూత్రం: కరెంటు ÷ (100 × కెపాసిటెన్స్‌). 1 ఆంపియర్‌కు 4700 మైక్రోఫారడ్లు పెడితే 2.1 వోల్టులు. అంటే కెపాసిటర్‌ మీది వోల్టేజీ ప్రతిసారీ 17.3 దాకా దిగి మళ్లీ ఎక్కుతుంది. ఎల్‌ఎం317కు పని చేయడానికి ఇన్‌పుట్‌, అవుట్‌పుట్‌ మధ్య రెండున్నర వోల్టుల వరకు తేడా ఉండాలి. 14.8 మిగిలింది. సరిపోయింది కదా అనుకోవద్దు.

ఎండాకాలం సాయంత్రం ఊళ్లో కరెంటు ‘లో వోల్టేజీ’ అయితే? మెయిన్స్‌ 10 శాతం పడిపోయిందనుకుని అదే లెక్క మళ్లీ చేయండి. 13.5 × 1.414 = 19.1. డయోడ్లు పోగా 17.3, రిపుల్‌ పోగా 15.2, చిప్‌ వాటా పోగా 12.7. మనకు కావాల్సింది 12.2. బతికిపోయాం! 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మొదట్లో చెప్పుకున్న ఇంటర్వ్యూ ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. అదే 1000 మైక్రోఫారడ్లయితే సూత్రం ప్రకారం రిపుల్‌ 10 వోల్టులు. కెపాసిటర్‌ మీద 9 వోల్టులు మిగిలిన క్షణంలో 12 ఎక్కడి నుంచి వస్తాయి? అవుట్‌పుట్‌ సెకనుకు వంద సార్లు కుంగుతుంది. ఆడియో యాంప్లిఫయర్‌ కలిపితే గుయ్‌మని హమ్‌ వినిపిస్తుంది. కెపాసిటర్‌ వోల్టేజీ రేటింగ్‌ విషయంలో పిసినారితనం వద్దు. లోడ్‌ లేనప్పుడు, మెయిన్స్‌ పెరిగినప్పుడు వోల్టేజీ ఇంకా పైకి వెళ్తుంది. 25 వోల్టులది వద్దు, 35 లేదా 50 వోల్టులది తీసుకోండి.

1 ఆంపియర్‌ డీసీ కోసం ట్రాన్స్‌ఫార్మర్‌ 2 ఆంపియర్లది ఎందుకంటారా? కెపాసిటర్‌ పీక్‌ దగ్గర మాత్రమే గుటకలు వేసినట్టు కరెంటు లాగుతుంది. దాంతో ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆర్‌ఎంఎస్‌ కరెంటు డీసీ కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. 1 ఆంపియర్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ పెడితే అది వేడెక్కి వాసన వస్తుంది.

వేడి దగ్గరే అసలు పరీక్ష

సర్క్యూట్‌ సక్రమంగా ఉన్నా చాలా సప్లైలు ఓడిపోయేది ఇక్కడే. 12 వోల్టులు, 1 ఆంపియర్‌ ఇస్తున్నప్పుడు చిప్‌ మీద పడే సగటు తేడా ఆరు, ఆరున్నర వోల్టులు. అంటే ఆరేడు వాట్ల వేడి. బాగానే ఉంది. అదే 1 ఆంపియర్‌ను 5 వోల్టుల దగ్గర లాగితే? తేడా 13 వోల్టులు దాటుతుంది. 13 వాట్లకు పైగా వేడి! తక్కువ వోల్టేజీ ఇస్తున్నప్పుడే చిప్‌ ఎక్కువ కాలుతుందన్నమాట. కొత్తవాళ్లు ఇది తలకిందులుగా ఊహిస్తుంటారు.

మే నెలలో పెట్టె లోపల గాలి 45 డిగ్రీలుందనుకోండి. చిప్‌ లోపలి భాగం 125 డిగ్రీలు దాటకూడదు. చేతిలో ఉన్నది 80 డిగ్రీలు. 13.5 వాట్లకు భాగిస్తే వాట్‌కు 6 డిగ్రీలు కూడా రావు. చిప్‌ లోపలి నుంచి దాని లోహపు వీపు దాకానే వాట్‌కు 5 డిగ్రీల వరకు పోతుంది. ఇక హీట్‌సింక్‌కు మిగిలేది ఏముంది? పెట్టెంత హీట్‌సింక్‌ పెట్టినా కష్టమే. అదే 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్‌కే పరిమితమైతే వేడి 7 వాట్లు. వాట్‌కు 5 డిగ్రీల హీట్‌సింక్‌తో నెట్టుకురావచ్చు.

కాబట్టి పెట్టె మీద నిజాయతీగా రాయండి: ‘12 వోల్టుల వద్ద 1 ఆంపియర్‌, 5 వోల్టుల వద్ద 0.5 ఆంపియర్‌’. ఎంత ఇస్తుందో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కడ ఇవ్వలేదో లెక్కతో చెప్పగలిగినవాళ్లు తక్కువ. కంపెనీలకు కావాల్సింది వాళ్లే.

పోల్చి చూడటానికి మొదటి దారిలోని బక్‌ మాడ్యూల్‌ను తీసుకోండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఇస్తున్నా అందులో వృథా అయ్యేది సుమారు రెండు వాట్లే. బదులుగా స్విచ్చింగ్‌ వల్ల అవుట్‌పుట్‌లో సన్నని రొద మిగులుతుంది. లీనియర్‌కూ స్విచ్చింగ్‌కూ తేడా చెప్పమంటే పుస్తకంలోని పట్టిక అప్పజెప్పకుండా ఈ అంకెలు చెప్పండి.

ఒక హెచ్చరిక. ఎల్‌ఎం317 లోహపు వీపు గ్రౌండ్‌ కాదు, అవుట్‌పుట్‌తో కలిసి ఉంటుంది. మైకా షీటు, ప్లాస్టిక్‌ బుష్‌ లేకుండా హీట్‌సింక్‌కు బిగించి, ఆ హీట్‌సింక్‌ ఎర్త్‌ చేసిన లోహపు పెట్టెకు తగిలితే అవుట్‌పుట్‌ పెట్టెకు అంటుకున్నట్టే. బిగించాక మల్టీమీటర్‌ కంటిన్యుటీలో పెట్టి చూడండి. బీప్‌ రాకూడదు.

చిప్‌ తనను తాను కాపాడుకుంటుంది.. మీ సర్క్యూట్‌ను కాదు

ఎల్‌ఎం317లో కరెంటు లిమిట్‌, వేడెక్కితే ఆగిపోయే ఏర్పాటు రెండూ ఉన్నాయి. అయితే ఆ లిమిట్‌ సాధారణంగా 2.2 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. మీ ఎల్‌ఈడీకీ, సెన్సర్‌కూ అది చాలా ఎక్కువ. అందుకే కొత్త సర్క్యూట్‌ను మొదటిసారి ఆన్‌ చేసేటప్పుడు సిరీస్‌లో చిన్న రెసిస్టరో, రీసెటబుల్‌ ఫ్యూజో పెట్టండి. కరెంటు సర్దుకునే వీలున్న బక్‌ మాడ్యూల్‌ అయితే ముందు లిమిట్‌ను 100 మిల్లీ ఆంపియర్లకు తగ్గించి తర్వాతే కలపండి. బెంచ్‌ సప్లైకీ, మామూలు అడాప్టర్‌కూ పెద్ద తేడా ఇదే.

రెండు 1ఎన్‌4007 డయోడ్లు కూడా పెట్టండి. ఒకటి అవుట్‌పుట్‌ నుంచి ఇన్‌పుట్‌కు, మరొకటి అడ్జస్ట్‌ నుంచి అవుట్‌పుట్‌కు. సప్లై ఆపినప్పుడో, షార్ట్‌ అయినప్పుడో కెపాసిటర్లలో మిగిలిన కరెంటు చిప్‌ గుండా వెనక్కి తన్నకుండా ఇవి పక్క దారి చూపిస్తాయి. అడ్జస్ట్‌ కాలి దగ్గర 10 మైక్రోఫారడ్లు పెడితే రిపుల్‌ అణచివేత 80 డెసిబెల్స్‌ దాకా వెళ్తుందని డేటాషీట్‌ చెబుతుంది. అంటే పది వేల వంతు. కెపాసిటర్‌ దగ్గర 2 వోల్టుల రిపుల్‌ అవుట్‌పుట్‌లో మిల్లీవోల్టు కన్నా తక్కువకు దిగుతుంది.

230 వోల్టులతో ఆటలొద్దు

ఈ భాగాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి.

* మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. లోహపు పెట్టెకు ఎర్త్‌ వైరును విడిగా బోల్టుతో బిగించండి.
* ఫ్యూజు, స్విచ్‌ ఫేజ్‌ వైరులోనే ఉండాలి. మన 30 వీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రైమరీ వైపు 250 మిల్లీ ఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు సరిపోతుంది. సెకండరీ వైపు 2 ఆంపియర్లది పెట్టండి.
* 230 వోల్టుల జాయింట్లన్నిటికీ హీట్‌ ష్రింక్‌ స్లీవ్‌ తొడగండి. ఇన్సులేషన్‌ టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వేడికి జిగురు వదిలేస్తుంది.
* పెద్ద కెపాసిటర్‌కు అడ్డంగా 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ కలపండి. ఆపిన అర నిమిషంలో వోల్టేజీ 1 వోల్టు దగ్గరికి దిగిపోతుంది.
* 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైనులోనే పరీక్షించండి. ఒంటరిగా, అర్ధరాత్రి, తడి చేతులతో వద్దే వద్దు.
* మొదటిసారి ఆన్‌ చేసేటప్పుడు ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్‌ బోర్డు వాడండి. 60 వాట్ల పాత ఫిలమెంట్‌ బల్బు సిరీస్‌లో ఉంటుంది. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతే మంచిది. వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్‌ ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.

సామాను కోసం కోఠి

ఎలక్ట్రానిక్స్‌ విడిభాగాలంటే హైదరాబాద్‌లో ముందుగా గుర్తొచ్చేది కోఠిలోని గుజరాతీ గల్లీ. శామీర్‌పేట నుంచి జేబీఎస్‌కు బస్సులో వచ్చి, మెట్రో గ్రీన్‌ లైన్‌ ఎక్కి సుల్తాన్‌బజార్‌ స్టేషన్‌లో దిగితే దగ్గరే. మేడ్చల్‌ వాళ్లు సికింద్రాబాద్‌ దాకా వచ్చి అక్కణ్నుంచి వెళ్లొచ్చు.

జాబితా రాసుకుని వెళ్లండి: 0-15 వోల్టుల 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌, నాలుగు 1ఎన్‌5408 డయోడ్లు, 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌, ఎల్‌ఎం317 రెండు (ఒకటి స్పేర్‌), మైకా షీటు, బుష్‌, హీట్‌సింక్‌, పొటెన్షియోమీటర్‌, ఫ్యూజు హోల్డర్లు, బైండింగ్‌ పోస్టులు, వోల్ట్‌-యాంప్‌ ప్యానెల్‌ మీటర్‌. చిప్‌ ధర ఒక ప్లేటు టిఫిన్‌ కంటే తక్కువే. ఖర్చంతా ట్రాన్స్‌ఫార్మర్‌, హీట్‌సింక్‌, పెట్టె దగ్గరే.

‘అన్నా, ఇది కాపర్‌ వైండింగేనా?’ అని తప్పక అడగండి. చవక రకాల్లో అల్యూమినియం తీగ చుడతారు. అదే సైజులో అది త్వరగా వేడెక్కుతుంది. రెండు మూడు దుకాణాల్లో చేత్తో పట్టుకుని బరువు చూడండి, ధర అడగండి. పాత స్టీరియో యాంప్లిఫయర్లు, యూపీఎస్‌లలోని హీట్‌సింక్‌లు స్క్రాప్‌ దుకాణాల్లో దొరుకుతాయి. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తే దారి ఖర్చు, టూల్స్‌ ఖర్చు పంచుకోవచ్చు. సప్లై మాత్రం ఎవరిది వాళ్లే కట్టాలి!

కొలవండి.. రాయండి

పెట్టె ఆన్‌ అయ్యింది, మీటర్‌ వెలిగింది. చాలామంది ఇక్కడే ఆగి ఫొటో తీసి స్టేటస్‌ పెట్టేస్తారు. మీ పని ఇక్కడే మొదలవుతుంది. ఒక నోట్‌బుక్‌ తీసి ఈ నాలుగు పరీక్షలు రాయండి.

లోడ్‌ రెగ్యులేషన్‌: అవుట్‌పుట్‌ను 5 వోల్టులకు సర్ది, 10 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ కలపండి. అర ఆంపియర్‌ వెళ్తుంది. వోల్టేజీ ఎంత తగ్గింది? 5.00 నుంచి 4.96కు వస్తే మార్పు 0.8 శాతం. అదే కొలతను వైర్ల చివర, పెట్టె టెర్మినళ్ల దగ్గర విడివిడిగా తీసుకోండి. సన్న క్రొకడైల్‌ క్లిప్‌ వైర్లలో 0.1 ఓమ్‌ నిరోధం ఉన్నా అర ఆంపియర్‌కు 50 మిల్లీవోల్టులు అక్కడే పోతాయి. తప్పు రెగ్యులేటర్‌ది కాదు, వైర్లదని మీకే తెలుస్తుంది.

రిపుల్‌: ల్యాబ్‌లోని ఆసిలోస్కోప్‌తో కెపాసిటర్‌ మీద, అవుట్‌పుట్‌ మీద చూడండి. లెక్కలో వచ్చిన 2.1 వోల్టులకూ, తెర మీది విలువకూ తేడా ఉంటుంది. తెర మీద తక్కువే కనిపించొచ్చు. ఎందుకంటే మనం వాడిన సూత్రం, కెపాసిటర్‌ తిరిగి చార్జ్‌ అయ్యే సమయాన్ని లెక్కలోకి తీసుకోదు.

వేడి: 12 వోల్టులకు బైకు ఇండికేటర్‌లోని 10 వాట్ల బల్బు మంచి లోడ్‌. 0.83 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీని కింది నుంచి మెల్లగా పెంచండి. చల్లగా ఉన్న ఫిలమెంట్‌ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అరగంట నడిపి, ప్రతి ఐదు నిమిషాలకు హీట్‌సింక్‌ ఉష్ణోగ్రత రాయండి.

మీటర్‌ సరిచూడటం: ప్యానెల్‌ మీటర్‌ చూపించే అంకెను మంచి మల్టీమీటర్‌తో 3, 5, 9, 12 వోల్టుల దగ్గర పోల్చండి. కాలిబ్రేషన్‌ అంటే ఏమిటో చేత్తో అర్థమవుతుంది.

ఈ నోట్‌బుక్కే మీ అసలు ప్రాజెక్టు. పెట్టెను ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈ నాలుగు పేజీల్ని కొనలేరు.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

‘పవర్‌ సప్లై ప్రాజెక్టు చేశాను’ అని రాస్తే వందమందిలో ఒకరవుతారు. ఇలా రాసి చూడండి: ‘1.7-12.2 వోల్టుల లీనియర్‌ బెంచ్‌ సప్లై- డిజైన్‌, వైరింగ్‌, పరీక్ష. 10 శాతం తక్కువ మెయిన్స్‌ను దృష్టిలో పెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్‌ ఎంపిక. 5 వోల్టులు, 0.5 ఆంపియర్‌ లోడ్‌కు కొలిచిన మార్పు 0.8 శాతం’. ఆ చివరి అంకె మాత్రం మీ నోట్‌బుక్‌లోదే కావాలి. పక్కవాళ్ల అంకె రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంటర్వ్యూకు సర్క్యూట్‌ డయాగ్రమ్‌, రెండు ఫొటోలు, కొలతల పేజీ జిరాక్సు తీసుకెళ్లండి. ఈ ప్రశ్నలకు ముందే నోటితో జవాబు చెప్పి చూసుకోండి: బ్రిడ్జ్‌లో ఒక డయోడ్‌ కాలి ఓపెన్‌ అయితే రిపుల్‌ ఫ్రీక్వెన్సీ ఎంతవుతుంది? (50 హెర్ట్జ్‌కు దిగుతుంది, రిపుల్‌ సుమారు రెట్టింపవుతుంది.) పొటెన్షియోమీటర్‌ తీగ ఊడిపోతే అవుట్‌పుట్‌ ఎటు వెళ్తుంది? (పైకి. మీ సర్క్యూట్‌ పోతుంది. అందుకే వైపర్‌ను పొటెన్షియోమీటర్‌ ఒక చివరకు కలిపి ఉంచుతారు. అప్పుడు వైపర్‌ వదిలేసినా 12 వోల్టుల దగ్గరే ఆగుతుంది.) మళ్లీ కడితే ఏం మారుస్తారు? ఈ చివరి ప్రశ్నకు ‘ఏమీ లేదు’ అని మాత్రం చెప్పొద్దు.

అవకాశాలు దూరంగా లేవు

హైదరాబాద్‌కు ఎలక్ట్రానిక్స్‌ కొత్త కాదు. అణుశక్తి విభాగం కింద 1967లో ఇక్కడ ఈసీఐఎల్‌ మొదలైంది. దాని వ్యవస్థాపకుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్‌ అయ్యగారి సాంబశివరావు. ఏఎస్‌ రావు నగర్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. రైల్వే ఎలక్ట్రానిక్స్‌ తయారుచేసే మేధా సర్వో డ్రైవ్స్‌, రక్షణ రంగానికి పరికరాలు చేసే భారత్‌ ఎలక్ట్రానిక్స్‌ యూనిట్‌ నాచారంలో ఉన్నాయి. బ్యాటరీలు, పవర్‌ ఎలక్ట్రానిక్స్‌, రైల్వే పరికరాలు చేసే హెచ్‌బీఎల్‌కు శామీర్‌పేట మండలంలోనే ప్లాంటు ఉంది. తుర్కపల్లి వైపు జీనోమ్‌ వ్యాలీ ల్యాబ్‌లలోని పరికరాల నిర్వహణకు, కాలిబ్రేషన్‌కు ఇన్‌స్ట్రుమెంటేషన్‌ తెలిసినవాళ్లు కావాలి.

ఫ్రెషర్‌గా అడుగుపెట్టడానికి టెస్ట్‌ ఇంజినీర్‌, వ్యాలిడేషన్‌, పీసీబీ డిజైన్‌, సర్వీస్‌ ఇంజినీర్‌, ప్రొడక్షన్‌ టెస్టింగ్‌, కాలిబ్రేషన్‌ లాంటి పోస్టులు చూడండి. ఈవీ చార్జర్లు, సోలార్‌ ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు.. అన్నిటి లోపలా ఉండేది పవర్‌ సప్లైయే. ప్రభుత్వరంగ సంస్థలకు గేట్‌, సంస్థల సొంత నోటిఫికేషన్ల దారి ఉంది. డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవారు జాతీయ అప్రెంటిస్‌షిప్‌ శిక్షణ పథకం (న్యాట్స్‌) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని కంపెనీల ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్‌ లాంటి ప్రోటోటైపింగ్‌ కేంద్రాన్ని ఒకసారి చూసి వస్తే వస్తువు తయారీ అంటే ఏమిటో కళ్లకు కడుతుంది.

ఈ పెట్టె ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. ఆప్టిట్యూడ్‌, సి ప్రోగ్రామింగ్‌, నెట్‌వర్క్‌ థియరీ అన్నీ ఉండాల్సిందే. అయితే కోర్‌ రంగంలో ‘మీరు చేశారా, చూశారా?’ అన్న ప్రశ్న ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దానికి జవాబు ఇలాంటి పనే.

నాలుగు వారాల ప్రణాళిక

మొదటి వారం: డేటాషీట్‌ చదవడం, లెక్కలు, ఎల్‌టీస్పైస్‌ సిమ్యులేషన్‌. ల్యాబ్‌ ఇన్‌చార్జితో మాట్లాడి అనుమతి.

రెండో వారం: కోఠి ప్రయాణం. ట్రాన్స్‌ఫార్మర్‌ లేకుండా, అడాప్టర్‌ డీసీతో రెగ్యులేటర్‌ భాగాన్ని జీరో బోర్డు మీద టంకం వేసి పరీక్షించడం.

మూడో వారం: పెట్టెకు రంధ్రాలు, మెయిన్స్‌ వైరింగ్‌, సార్‌ చేత తనిఖీ, సిరీస్‌ బల్బుతో మొదటి ఆన్‌.

నాలుగో వారం: నాలుగు పరీక్షలు, నోట్‌బుక్‌, కీక్యాడ్‌ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్‌ డ్రాయింగ్‌, రెజ్యూమెలో మూడు లైన్లు.

నెల తిరిగేసరికి మీ బెంచి మీద సొంత పవర్‌ సప్లై ఉంటుంది. దాని పక్కన దాన్ని ఎలా కట్టారో చెప్పే నోట్‌బుక్‌ ఉంటుంది. ప్లేస్‌మెంట్‌ సీజన్‌ మొదలవక ముందే, ఈ ఆదివారం డేటాషీట్‌ డౌన్‌లోడ్‌ చేసి మొదటి లెక్క వేయండి.